క్రూయిజ్ ఎందుకు తప్పుకుంది?



ఎలక్ట్రిక్ కారులో క్రూయిజ్ కంట్రోల్ పని చేయడం లేదని ఎమ్మిగనూరులో మీ షాపుకు బండి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. ముందు యజమానిని కూర్చోబెట్టి మాట్లాడించు. అసలు సెట్టే కావడం లేదా, సెట్ అయ్యాక మధ్యలో వదిలేస్తోందా? ఎంత స్పీడులో? మీటరులో ఇంకేదైనా లైటు వెలిగిందా? ఈమధ్య బండికి ఏం పని చేయించారు? ఈ చివరి ప్రశ్నను ఎప్పుడూ వదలొద్దు. టైర్లు మార్చాం, బేరింగ్ వేయించాం, ముందు అద్దం కొత్తది బిగించాం అనే జవాబులోనే చాలాసార్లు రోగం దొరికిపోతుంది.

పెడల్ తొక్కకుండానే బండిని ఒకే స్పీడులో నడిపే ఈ క్రూయిజ్ కంట్రోల్ పుట్టింది పెట్రోలు కార్లలో. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే ప్రమాదంలో చూపు పోయింది. పక్క సీట్లో కూర్చున్నప్పుడు బండి వేగం పెరగడం, తగ్గడం ఆయనకు ఒంటికే తెలిసేది. ఆయన స్పీడు నియంత్రణ యంత్రానికి 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కంపెనీ దాన్ని ఇంపీరియల్ కారులో పెట్టింది. అప్పట్లో అది థ్రాటిల్‌ను లాగి పట్టుకునేది. ఎలక్ట్రిక్ కారులో థ్రాటిలే లేదు. చక్రాల దగ్గరున్న సెన్సర్లు స్పీడు చెబుతాయి, దాన్నిబట్టి కంట్రోలర్ మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. దిగుడు వస్తే ఆ మోటారే జనరేటర్‌గా మారి బండిని పట్టి ఉంచుతుంది. వీటిలో ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా క్రూయిజ్ తప్పుకుంటుంది. తప్పుకోవడం దాని డ్యూటీ. కాబట్టి అది దేన్ని నమ్మలేకపోయిందో కనుక్కోవడమే నీ పని.

కొన్ని ఫిర్యాదులు అసలు రిపేర్లే కావు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, కంపెనీ పెట్టిన కనీస స్పీడు దాటకపోయినా చాలా కార్లలో సెట్ కాదు. నూరు శాతం చార్జింగ్‌తో బయల్దేరిన బండి దిగుడులో స్పీడు పట్టుకోలేకపోవచ్చు. నిండిన బ్యాటరీ కొత్త కరెంటును తీసుకోదు, మోటారు ఇచ్చే బ్రేకింగ్ తగ్గిపోతుంది. ఇంకొకటి, ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన డ్రైవర్లు ఎడమ కాలిని తెలియకుండానే బ్రేక్ మీద ఆనిస్తారు. కాలు కాస్త తగిలినా క్రూయిజ్ ఆగిపోతుంది. డ్రైవర్ పక్కన కూర్చుని అతని పాదాలు చూడు.

కాలు దూరంగా ఉన్నా సెట్ కాకపోతే బ్రేక్ స్విచ్ చూడాలి. బండిని గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి పెడల్‌ను వేలితో మెల్లగా నొక్కు. గోడ మీద ఎర్ర వెలుగు ఎప్పుడు పడింది, వేలు తీయగానే ఆరిందా? లైటు సరిగ్గా ఉందని అక్కడితో ఆగొద్దు. ఈ స్విచ్‌లో సాధారణంగా రెండు సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి లైటు వెలిగిస్తుంటే, రెండోది కంట్రోలర్‌కు తప్పు చెబుతూ ఉండొచ్చు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి, పెడల్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ రెండూ మారుతున్నాయా చూడు.

క్రూయిజ్ పోవడంతోపాటు, చక్రాల సెన్సర్లనే వాడుకునే ఏబీఎస్ బ్రేకుల లైటు కూడా వెలిగితే దారి చక్రాల వైపే. మన రేగడి మట్టి సంగతి నీకు తెలియంది కాదు. వానకు హబ్ లోపల అంటుకుని ఎండకు రాయిలా గడ్డకడుతుంది. సెన్సర్ వైరునూ కనెక్టర్‌నూ బిగబట్టి లాగుతుంది. నీళ్లతో నానబెట్టి తీయి, స్క్రూడ్రైవర్‌తో పొడవకు. బేరింగ్ మార్చాక సమస్య మొదలైందంటే తిరగేసి వేశారేమో చూడు. చాలా కొత్త బేరింగుల్లో ఒక పక్క సీలులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది, సెన్సర్ చదివేది దాన్నే. చూడ్డానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. బిగించేముందు సన్నటి గుండుసూది ఆనించి చూడు, పట్టీ ఉన్న పక్కే అంటుకుంటుంది.

హారన్, పాటల బటన్లు కూడా పని చేయక, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే స్టీరింగ్ వెనక చుట్టగా ఉండే వైరు పట్టీ, అంటే క్లాక్ స్ప్రింగ్, తెగి ఉండొచ్చు. నేర్చుకునే దశలో దాని జోలికి పోవద్దు. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్‌లో మల్టీమీటర్ పెట్టకూడదు. నారింజ రంగు వైర్లను అసలు ముట్టుకోకూడదు, వాటిలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

ముందు బండిని చూసి తానే స్పీడు తగ్గించుకునే రకం క్రూయిజ్ అయితే ముందు వైపు రాడార్, అద్దం మీద కెమెరా ఉంటాయి. మన దగ్గర కొత్త కారు కొంటే మంత్రాలయం తీసుకెళ్లి పూజ చేయిస్తారు. ఆయుధ పూజకైతే బంపర్ నిండా బంతిపూల దండలే. రాడార్ ఉండేది చాలా కార్లలో ఆ బంపర్‌లోనో, లోగో వెనకో. తడి పూలు, ఎండిన పసుపు ముద్ద దానికి అడ్డం. పూజ గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి అనకుండా, దండను పక్కకు జరిపి కట్టుకోమని మర్యాదగా చెప్పు. బంపర్‌కు ఇనుప గార్డు ఉంటే మాత్రం తీసేయమని గట్టిగా చెప్పు. అలాంటి గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. అద్దం మార్చిన బండికి కెమెరా క్యాలిబ్రేషన్ చేయించారా అని అడుగు. చలికాలం సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి ఆదోని వచ్చేటప్పుడు సూర్యుడు దాదాపు ఎదురుగా ఉంటాడు. ఆ కాసేపే కెమెరా మొరాయిస్తే పార్టులు మార్చాల్సిన పని లేదు.

స్కానర్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎర్రర్ కోడ్‌లు పదీ పన్నెండూ ఒకేసారి కనిపిస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీని అనుమానించు. మన ఎండలకు అది త్వరగా దెబ్బతింటుంది. లెడ్ యాసిడ్‌దైతే, బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి. 12.2 కన్నా తగ్గితే ముందు దాని సంగతి తేల్చు.

రిపేరయ్యాక పరీక్ష ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద చేయొద్దు. పత్తి సీజన్‌లో వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు ఎక్కడ అడ్డమొస్తాయో తెలియదు, రాడార్ అన్నిటినీ పట్టుకుంటుందని హామీ లేదు. కర్నూలు దాటాక డోన్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారాక, రద్దీ పెరగకముందే చూడు. స్కానర్ పక్క సీటులోని మనిషి చేతిలో ఉండాలి. నీ కాలు బ్రేక్‌కు అందేలా ఉండాలి, దాని మీద ఆనకూడదు.

నీ మామ