పెళ్లి భోజనాల బిల్లు: పన్ను వేరు, సర్వీస్ చార్జి వేరు, బక్షీసు వేరు

అప్పగింతలు జరుగుతుంటాయి. అమ్మాయి తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే కేటరింగ్ మేనేజరు బిల్లు పట్టుకుని పక్కన నిలబడతాడు. ఆ వేళ లెక్క చూసే ఓపిక ఎవరికీ ఉండదు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే డబ్బు దగ్గర గొడవ ఎందుకన్న మొహమాటం ఒకటి. కింద ఉన్న అంకె చూసి ఇచ్చేస్తారు. ఆ అంకెలో చట్టప్రకారం ఇవ్వాల్సింది ఎంతో, ఇవ్వనక్కర్లేనిది ఎంతో పెళ్లివారికి ముందే తెలిసి ఉండాలి.

ఒక లెక్క చూడండి. మామూలు ఫంక్షన్ హాల్లో పెళ్లి. 500 ప్లేట్లు, ప్లేటు 400 రూపాయలు, వెరసి 2 లక్షలు. బిల్లులో దాని కింద 'సర్వీస్ చార్జి 10 శాతం' అని 20,000 వేశారు. ఈ రెండూ కలిపిన 2,20,000 మీద 'జీఎస్టీ 18 శాతం' అని 39,600. ఆ కింద 'స్టాఫ్ టిప్స్' 5,000. మొత్తం 2,64,600. సర్వీస్ చార్జి గురించి ముందు మాట అనుకోకపోయి ఉంటే ఇదే భోజనానికి కట్టాల్సింది 2,10,000 మాత్రమే. తేడా 54,600 రూపాయలు. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

ముందు పన్ను సంగతి. పెళ్లిళ్ల కేటరింగ్ మీద జీఎస్టీ 2019 అక్టోబరు 1 నుంచి 5 శాతం. బిల్లులో అది కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నరగా విడివిడిగా కనిపించాలి. మరి 18 శాతం ఎక్కడ? గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలో విందు పెట్టుకుంటే 18 శాతం పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి అలాంటి హోటళ్లకు చట్టంలో కొత్త నిర్వచనం ఉంది. అక్కడ 18 వేస్తే అది న్యాయమైన పన్నే, వాదించి ప్రయోజనం లేదు. మీ ఊరి కల్యాణ మండపంలోనో, ఇంటి ముందు షామియానా కిందో భోజనాలు పెట్టి 18 శాతం వేస్తే మాత్రం కట్టనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. హాలు ఒకరిది, వంట మరొకరిది అయితే హాలు అద్దె మీద 18 శాతం, భోజనం మీద 5 శాతం. రెండు బిల్లులు, రెండు రేట్లు. అదే హాలువాళ్లే భోజనంతో కలిపి ప్యాకేజీగా ఇస్తే, అది పైన చెప్పిన పెద్ద హోటల్ కాకపోతే, ఆ ప్యాకేజీకి మొత్తంగా 5 శాతమే. అందుకే హాలు మాట్లాడేటప్పుడే బిల్లు ఎవరి పేరు మీద, ఎన్ని ముక్కలుగా వస్తుందో అడగాలి. డెకరేషన్, లైటింగ్, సౌండ్ వేరుగా మాట్లాడుకుంటే వాటి మీద 18 శాతం ఉంటుంది.

పన్ను రేటు ఎంతైనా, దాన్ని వసూలు చేసే హక్కు అందరికీ లేదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని వంట మాస్టర్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివారు కస్టమరు దగ్గర పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారులూ అంతే. వాళ్లు పన్ను సొంతంగా కట్టుకోవాలి తప్ప మన మీద వేయకూడదు, ఆ మాట వాళ్ల బిల్లు మీదే రాసి ఉండాలి. కాబట్టి జీఎస్టీ అన్న మాట కనిపించగానే బిల్లు పైభాగం చూడండి. 15 అక్షరాలు, అంకెల నంబరు ఉండాలి. మొదటి రెండంకెలు తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్లో కొడితే అది ఎవరి పేరున ఉందో, ఇంకా అమల్లో ఉందో రద్దయిందో, కాంపోజిషన్ కిందదో మామూలుదో ఫోనులోనే తెలిసిపోతుంది. బయానా ఇచ్చే రోజే ఈ పని చేయాలి.

ఇక సర్వీస్ చార్జి. ఇదేదో ప్రభుత్వ పన్ను అనుకుని ఇచ్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత సర్వీస్ టాక్స్ 2017 జులై 1న జీఎస్టీ రావడంతోనే పోయింది. ఇప్పుడు బిల్లులో కనిపించే సర్వీస్ చార్జి మొత్తం వ్యాపారికే వెళ్తుంది. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని వాటంతటవే బిల్లులో కలపకూడదని, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ, బలవంతపు సర్వీస్ చార్జి అనుచిత వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పారు. దానిపై సంఘాలు డివిజన్ బెంచ్‌కు అప్పీలు చేసుకున్నాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ మార్గదర్శకాలు హోటళ్లు, రెస్టారెంట్ల కోసం రాసినవి. హోటల్ బాంక్వెట్ హాల్లో విందు చేస్తే వాటిని నేరుగా చూపించవచ్చు. బయటి కేటరర్ విషయంలో మీ ఇద్దరి ఒప్పందమే ముఖ్యం. కొటేషన్‌లో సర్వీస్ చార్జి ఇంత అని రాసి మీరు సంతకం పెట్టి ఉంటే, అది ధరలో భాగమే అవుతుంది. అప్పుడు దాని మీదా జీఎస్టీ పడుతుంది, ఆ జీఎస్టీ కూడా 5 శాతమే. కొటేషన్‌లో లేనిది పెళ్లయ్యాక బిల్లులో మొలిస్తే ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. గ్యాసు, రవాణా, గిన్నెల అద్దె, వడ్డించే కుర్రాళ్ల కూలి అంటూ విడివిడిగా వేసేవాటికీ ఇదే సూత్రం. నా మాటగా చెప్పాలంటే, ప్లేటు ధరలో వడ్డన కూడా ఉన్నట్టు మాట్లాడుకున్నాక మళ్లీ సర్వీస్ చార్జి అడగడం ఒకే పనికి రెండుసార్లు డబ్బు అడగడమే.

బక్షీసు మాత్రం పూర్తిగా మీ ఇష్టం. ఎండలో పొయ్యిల దగ్గర నిలబడి వండినవాళ్లకు, బంతి మీద బంతి వడ్డించి ఆకులు తీసినవాళ్లకు తృణమో పణమో ఇవ్వడం మన మర్యాద, ఇవ్వాలి కూడా. కానీ దాన్ని బిల్లులో అంకెగా వేసే హక్కు యజమానికి లేదు. మీరు ఇవ్వదలచుకుంటే ఆ కుర్రాళ్ల చేతికే ఇవ్వండి. యజమానికిస్తే వాళ్లకు చేరుతుందో లేదో మీకు తెలియదు. మనస్ఫూర్తిగా చేతికిచ్చిన దానికి జీఎస్టీ లేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ తగాదాలు ప్లేట్ల లెక్క దగ్గర వస్తాయి. 'మినిమం గ్యారంటీ 500' అని ఒప్పుకుంటే 420 మందే తిన్నా 500కి ఇవ్వాల్సిందే. 500 దాటిన ప్లేటుకు ఏ ధరో, ప్లేట్లు ఎవరు లెక్కపెడతారో ముందే రాసుకోవాలి. బఫే అయితే ఖాళీ ప్లేట్ల కట్టలు భోజనాలకు ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని మీ వైపు మనిషి ఒకరు కేటరర్ మనిషితో కలిసి లెక్కపెట్టి సంతకం పెడితే చాలు.

'బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదు, క్యాష్ ఇవ్వండి' అన్న మాటకు లొంగకండి. ఒకే శుభకార్యానికి సంబంధించి ఒక మనిషి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అది కేటరర్ తలనొప్పి అనుకున్నా, పక్కా బిల్లు లేకపోతే సాంబారు పులిసిపోయి అతిథులు ఇబ్బంది పడినా, స్వీటు తక్కువైనా రేపు చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

అన్యాయంగా వేశారనిపిస్తే ఒప్పుకున్న మేరకు చెల్లించి, మిగతాది ఎందుకు ఇవ్వడం లేదో అక్కడే వాట్సాప్‌లో రాసి పంపండి. గత్యంతరం లేక మొత్తం కట్టేసినా హక్కు పోదు, 'అభ్యంతరంతో చెల్లించాను' అని బిల్లు మీద రాయండి. తర్వాత 1915కు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఇ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. పెళ్లి ఎక్కడ జరిగినా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. కొటేషన్, అడ్వాన్సు రసీదు, ఆఖరి బిల్లు ఆ రెండేళ్లూ పెళ్లి ఆల్బంతో పాటు భద్రంగా ఉంచుకోండి.