ఇంటివద్దనే రక్తశుద్ధి: మూత్రపిండ వైద్యులు పొందవలసిన ఉన్నత శిక్షణ

రామకుప్పము మండలము చిత్తూరు జిల్లా కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల చెంత నున్నది. ఇచటి రైతు జీవనము పాడి, మల్బరి, రాగి పంటలపై ఆధారపడినది. ఇట్టి కుటుంబములో ఒకరికి మూత్రపిండములు పూర్తిగా చెడినవనుకొందము. యంత్రముపై రక్తశుద్ధి చేయించుకొనవలెనన్న వారమునకు 3 మారులు, మారునకు సుమారు 4 గంటలు ఆసుపత్రిలో గడపవలెను. రాకపోకల కాలము వేరు. వెంట నొకరు పోవుట వేరు. పట్టుపురుగులకు దినమునకు పలుమార్లు ఆకు వేయవలసిన యింటిలో, పాలు పితుకు వేళ తప్పరాని యింటిలో, వారమున సగము దినము లిట్లు పోయినచో ఆ సంసారము నిలుచుట కష్టము.

దీనికి మారుగా ఇంటివద్దనే జరుపుకొనదగిన పద్ధతి యొకటి గలదు. దానిని పెరిటోనియల్ డయాలిసిస్ అందురు. అది అందరికి అందుబాటులోనికి రాకుండుటకు గల కారణములలో ముఖ్యమైనది, అందు చేయి తిరిగిన వైద్యులు తక్కువగా నుండుట. కావున ఆ వైద్యు లేమి నేర్వవలెనో మన గ్రామస్థులు కూడ తెలిసికొనుట మంచిదని మే మీ పాఠమును వ్రాయుచున్నాము.

పొర చేయు పని

ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు మేలైన దానిని తిరిగి రక్తములో కలిపి, లీటరున్నర యంత మాత్రమే మూత్రముగా విడుచును. ఆ పని నిలిచినచో మలినములును, నీరును దేహములో పేరుకొనును.

మన కడుపులోపల ప్రేగులను కప్పుచు పెరిటోనియము అను పలుచని పొర యున్నది. దాని నిండ సన్నని రక్తనాళములు గలవు. మెత్తని గొట్టము ద్వారా సుమారు 2 లీటర్ల శుద్ధమైన ద్రవమును కడుపులోనికి పంపి 4 నుండి 6 గంటలుంచినచో, రక్తములోని మలినములు పొర గుండ ఆ ద్రవములోనికి దిగును. ద్రవములో చక్కెర కలిసియుండును. ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు నీరు విడుచుట మన యిండ్లలో ఎరిగినదే. ఆ విధముగనే చక్కెర రక్తములోని యధికమైన నీటిని తనవైపు లాగును. పిమ్మట ఆ ద్రవమును సంచిలోనికి వదలి, క్రొత్త ద్రవమును నింపవలెను. సాధారణముగా దినమునకు 4 మారులు ఇట్లు మార్చుదురు. రాత్రి నిద్రలో ఈ పనిని చేసిపెట్టు చిన్న యంత్రములును గలవు.

పద్ధతి పెరిగిన తీరు

1923లో జర్మనీ వైద్యుడు గాంటర్ దీనిని తొలుత ప్రయత్నించెను. 1968లో టెంకాఫ్ అను వైద్యుడు కడుపులో చిరకాలము నిలుచు సిలికోను గొట్టమును వెలువరించెను. 1976లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున పోపోవిచ్ అను ఇంజనీరును, మాంక్రీఫ్ అను వైద్యుడును కలిసి, రోగి తిరుగుచు పనిచేసికొనుచునే దినమంతయు రక్తశుద్ధి పొందు విధానమును రూపొందించిరి. టొరంటోలో ఓరియోపౌలస్ గాజు సీసాలకు బదులు ప్లాస్టిక్ సంచులను వాడుకలోనికి తెచ్చెను. మన దేశమున ఈ విధానము 1991లో మొదలైనది.

వైద్యుడు నేర్వవలసినది

మన దేశమున మూత్రపిండ నిపుణుడు కాగోరు వైద్యుడు, ఎం.డి. ముగిసిన పిదప 3 సంవత్సరములు డి.ఎం. చదువవలెను. అయినను రోగులు లేని చోట ఈ విద్య చేతికి రాదు. వైద్యునకు అభ్యాసము లేనందున రోగికి ఈ పద్ధతిని చెప్పడు; చెప్పనందున రోగులు చేరరు; రోగులు చేరనందున తరువాతి వైద్యునకును అభ్యాసము కలుగదు. విత్తు లేక పంట లేదు, పంట లేక విత్తు లేదన్నట్లున్న యీ చిక్కును విడదీయుటకే ప్రత్యేక శిక్షణ యవసరము. అందు ముఖ్యమైన అంశములు నాలుగు.

మొదటిది గొట్టమును అమర్చుట. అది చర్మమునుండి వెలువడు రంధ్రము క్రిందికి గాని ప్రక్కకు గాని చూచునట్లుండవలెను. పైకి చూచినచో చెమటయు, మురికియు నిలుచును. నడుముకట్టు వచ్చు చోటును విడువవలెను. సాధ్యమైనచో గాయము మానుటకు 2 వారములు వ్యవధి నిచ్చి పిమ్మట వాడుట మేలు.

రెండవది పొర స్వభావము నెరుగుట. కొందరి పొర మలినములను వేగముగా వదలును, కొందరిది మెల్లగా వదలును. ట్వార్డౌస్కీ 1987లో ప్రకటించిన 4 గంటల పరీక్షతో దీనిని కనుగొందురు. దానిని బట్టియే ద్రవములో చక్కెర పాలును, మార్పుల వేళలును నిర్ణయింపవలెను. అందరికి ఒకే కొలత వేయుట వైద్యము కాదు.

మూడవది వాపును ఎదుర్కొనుట. సూక్ష్మజీవులు చేరినచో పొర వాచును. బయటికి వచ్చిన ద్రవము కలిగడుగు నీటివలె మసకగా నుండును. కడుపు నొప్పియు, ఒక్కొక్కప్పుడు జ్వరమును వచ్చును. ఘన మిల్లీమీటరు ద్రవములో 100కు మించి తెల్ల కణములుండి, వానిలో సగమునకు పైగా న్యూట్రోఫిల్ కణములైనచో రోగము నిశ్చయము. పరీక్షకు ద్రవమును తీసి, వెంటనే మందును కడుపులోని ద్రవముతోనే పంపవలెను. శిలీంధ్రము వలన వచ్చినచో గొట్టమును తీసివేయవలెను. అంతర్జాతీయ సంఘము 2022లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, ఇట్టి వాపులు ఒక్కొక్క రోగికి సంవత్సరమునకు సగటున 0.40ని మించరాదు. తన కేంద్రపు లెక్కను ప్రతి వైద్యుడును తానే వ్రాసికొని సరిచూచుకొనవలెను.

నాలుగవది బోధించుట. ఇందు నిజమైన చికిత్సకుడు రోగియే, లేదా అతని యింటివారే. చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకొనుట, మూతికి గుడ్డ కట్టుకొనుట, ఫ్యాను ఆపి తలుపు మూయుట, సంచి గొట్టపు మొనను తాకకుండుట మున్నగునవి నర్సు చూచుచుండగా పలుమార్లు చేయించవలెను. చదువు రాని వారికి బొమ్మలతోను, చేతలతోను నేర్పవచ్చును. కొంతకాలమునకు మరల పరీక్షించి దిద్దవలెను.

మన ప్రాంతమున

రామకుప్పమునకు సమీపమున కుప్పములో 2001లో వైద్య కళాశాల ఏర్పడినది. తిరుపతిలో 1993లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో మూత్రపిండ వైద్య విభాగము గలదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రజల కొరకు 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి వెలసినది. కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమమునకు 2019లో ఈ యింటి పద్ధతిని గూర్చిన మార్గదర్శకములు చేరినవి. భవనములును, ఉత్తరువులును వచ్చినంత మాత్రమున చాలదు. పనితనము గల వైద్యుడు, నేర్పు గల నర్సు, తప్పక చేరు ద్రవపు సంచులు మూడును కూడవలెను. దినమునకు 4 సంచుల చొప్పున నెలకు 120 సంచులు, అనగా సుమారు 240 లీటర్లు, గ్రామమునకు చేరవలెను. వానిని ఎలుకలకును, ఎండకును దూరముగా దాచు చోటు కావలెను.

ఈ పద్ధతి యందరికిని తగదు. కడుపులో పెద్ద శస్త్రచికిత్సలు జరిగి పొర అతుకులు పడినవారికి, సరిచేయని హెర్నియా గలవారికి ఇది కుదరకపోవచ్చును. మధుమేహము గలవారు ద్రవములోని చక్కెరను లెక్కలోనికి తీసికొనవలెను. ద్రవముతో కొంత మాంసకృత్తు పోవును గనుక పప్పు, గ్రుడ్డు, పాలు ఏపాటి తినవలెనో వైద్యు నడిగి తెలిసికొనవలెను.

పాఠకులు అడుగవలసినవి

మూత్రపిండములు చెడినవని తెలిసినప్పుడు వైద్యుని ఈ ప్రశ్నలు వేయుటకు సంకోచింపరాదు: నాకు ఇంటి పద్ధతి తగునా? తగనిచో కారణమేమి? ఇచట నేర్పువారు గలరా? ఖర్చులో ప్రభుత్వ పథక మెంత భరించును? ద్రవము మసకబారిన రాత్రి ఎవరిని పిలువవలెను? చివరి ప్రశ్నకు స్పష్టమైన సమాధానము లభించిన తరువాతనే చికిత్సను ఇంటికి తెచ్చుకొనవలెను.

మధుమేహము, రక్తపోటు గలవారు సంవత్సరమునకు ఒకమారైనను రక్తములో క్రియాటినిను, మూత్రములో ఆల్బుమిను పరీక్ష చేయించుకొనవలెను. వ్యాధి ముందుగా తెలిసినచో దానిని చాలకాలము నిలువరింపవచ్చును. తప్పనిసరియై రక్తశుద్ధి వచ్చినను, ఏ పద్ధతి కావలెనో ఎంచుకొనుటకు వ్యవధి యుండును. వైద్యుడు నేర్చిన విద్య, రోగి అడిగిన ప్రశ్న ఒకచోట కలిసిననాడే ఈ చికిత్స రామకుప్పము వంటి మండలముల గడపలకు చేరగలదు.