జీపు కింద దూరే ముందు

పాడేరు ఘాటీ దారిలో మలుపులు ఎక్కువ. వానలు పడితే గుంతలు కూడా ఎక్కువే. ఆ దారిలో ఒక కుర్రాడు జీపు తోలుతున్నాడు. సంత రోజున పసుపు బస్తాలు, అల్లం గంపలు, మనుషులు అన్నీ ఆ జీపులోనే.

ఈ మధ్య జీపు తీరు మారింది. గుంతలో పడితే మూడు నాలుగుసార్లు ఊగుతోంది. మలుపులో ఒక పక్కకి ఒరుగుతోంది. వెనక కూర్చున్న ముసలమ్మలు "నాయనా, మెల్లగా పోనీరా" అని అరుస్తున్నారు.

కుర్రాడి మేనమామ పాత మెకానిక్. ఆయన జీపు వెనక మూలని రెండు చేతులతో నొక్కి వదిలాడు. బండి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

"షాకబ్జర్లు పోయాయి అల్లుడూ. బాగుంటే ఒక్కసారి లేచి ఆగిపోవాలి" అన్నాడు.

బరువు మోసేవి కమాను కట్టలు. గుంతలో పడితే అవి వంగుతాయి, మళ్ళీ పైకి తంతాయి. ఆ ఊపుని ఆపేది షాకబ్జరు. దాని గొట్టంలో నూనె ఉంటుంది. ఆ నూనె సన్న కంతల్లోంచి పోవాలి. అందుకే ఊపు తగ్గుతుంది. నూనె కారిపోతే అది ఉత్త గొట్టమే.

కుర్రాడు విశాఖపట్నం వెళ్ళి కొత్తవి తెచ్చాడు. వాటికి కింద ఒక మర ఉంది. మర మీద 1 నుంచి 9 దాకా అంకెలు ఉన్నాయి. 1 దగ్గర మెత్తగా, 9 దగ్గర గట్టిగా ఉంటుంది.

"9లో పెడితే ఇంకో నాలుగు బస్తాలు వేసుకోవచ్చు కదా మావా?"

"మర తిప్పితే ఊపు తగ్గుతుంది గాని బలం పెరగదు. మోసేది కమాను కట్టలే. వాటి లెక్క మారదు."

మరునాడు పొద్దున్నే మామ వచ్చేసరికి కుర్రాడు జీపు కింద ఉన్నాడు. వాకిలి ఏటవాలు. చక్రం ఊడదీసి ఉంది. బండి ఒక్క జాకీ మీద నిలబడింది. జాకీ కింద ఇటుక.

మామ అరవలేదు. దగ్గరికి వెళ్ళి, "ముందు బయటకి రా అల్లుడూ" అన్నాడు. కుర్రాడు పాక్కుంటూ వచ్చాడు. మామ ఇటుకని చూపించాడు. అది అడ్డంగా బీట వేసింది.

జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తాక బరువు స్టాండ్ల మీదికి దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పనికిరావు. అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం బిగించి, బండిని చదునైన గట్టి నేల మీదికి తెచ్చారు. గేరు వేశారు, హ్యాండ్ బ్రేకు లాగారు. ముందు చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టారు. వెనక చక్రాల నట్లు నేల మీదే కొంచెం వదులు చేశారు. తరవాత ఎత్తి, ఇరుసు కింద రెండు వైపులా ఇనప స్టాండ్లు పెట్టారు. ఊడదీసిన చక్రాలని ఛాసిస్ కింద పడుకోబెట్టారు. స్టాండు తప్పినా బండి మనిషి మీద పడకుండా చక్రం ఆపుతుంది. మామ బండిని పక్కనుంచి గట్టిగా తోసి చూశాడు. కదలలేదు. "ఇప్పుడు దూరు" అన్నాడు.

పాత నట్లు తుప్పు పట్టి రాలేదు. కుర్రాడు మంట పెడదామన్నాడు. మామ ఒప్పుకోలేదు. లోపల నూనె ఉంది, వేడికి గొట్టం పేలవచ్చు. నట్లకి నూనె పోసి, అన్నం తిని వచ్చారు. అప్పుడు పానాకి లొంగాయి.

కొత్తవి రెండు వైపులా మార్చారు. ఒక వైపే మారిస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టుకోలేదు. దాని మీద గీత పడితే సీలు చిరిగి నూనె కారుతుంది. నట్లని చేతి బిగువుగా ఉంచి, చక్రాలు వేసి బండిని నేలకి దించాక గట్టిగా బిగించారు. బండి గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలితిరిగి తొందరగా చిరుగుతాయి.

మామ రెండు మరలనీ రెండేసి మెట్లు తిప్పాడు. టిక్కు, టిక్కు. ఆయనకి చదువు రాదు. చేతికి తెలిసినదే లెక్క.

కుర్రాడి చెల్లెలు రాత్రిబడికి వెళుతోంది. టార్చి వేసి వంగి చూసింది.

"అన్నయ్యా, ఇటు 3 ఉంది. అటు 6 ఉంది."

"రెండూ రెండేసి తిప్పాను కదమ్మా" అన్నాడు మామ.

"పెట్టెలోంచి తీసినప్పుడు ఇది 1లో, అది 4లో ఉండి ఉంటాయి మావయ్యా."

మామ కాసేపు మాట్లాడలేదు. తరవాత నవ్వి, "నువ్వే తిప్పు" అన్నాడు. ఆమె రెండో దాన్ని కూడా 3కి తెచ్చింది. అలాగే వదిలేసి ఉంటే మలుపుల్లో బండి ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా తూగేది. వెనక ఎనిమిది మంది కూర్చుంటారు.

బ్రేకు గొట్టాలు ఎక్కడా రాసుకోవడం లేదని మామ చేత్తో తడిమి చూశాడు. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఇంకోసారి బిగించాలని చెప్పాడు. చెల్లెలు మీటరు అంకె చూసి నోట్‌బుక్కులో రాసింది. కింద "3, 3" అని రాసింది.

వచ్చే సంతకి జీపు ఘాటీ దిగింది. ముసలమ్మలు అరవలేదు. తిరిగి వచ్చాక చెల్లెలు మీటరు చూసింది. "అన్నయ్యా, పానా తియ్యి. 104 అయ్యింది" అంది.