సరుకు పేరుకు కంచె - ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్

జ్యోతినగర్ చుట్టుపట్ల రైతులకు ఇంటి ముంగిటనే మంచి బజారు కలదు. ఒక ప్రక్క విద్యుత్ కేంద్రపు ఉద్యోగులు, మరొక ప్రక్క గోదావరిఖనిలో సింగరేణి కార్మికులు కాపురముందురు. నెల జీతముపై గడచు ఈ కుటుంబములకు పసుపు, కారము, నూనె ఏడాది పొడవున కావలెను. పంటను గింజగా అమ్ముటకంటె పొడి కొట్టి, నూనె తీసి, పొట్లము కట్టి అమ్మినచో రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగులును. అయితే పొట్లముపై పేరు వేసిన నాటినుండి ఆ పేరు కూడ రైతు ఆస్తియే. చేనికి కంచె వేసినట్లే దానికిని కంచె వేయవలెను. లేనిచో పేరు రాగానే పరులు దానిని మేయుదురు.

ఏ పేరు పనికివచ్చును?

మీ సరుకును ఇతరుల సరుకునుండి వేరుపరచు పేరు గాని, బొమ్మ గాని ట్రేడ్‌మార్కు అనబడును. "మేలైన పసుపు", "స్వచ్ఛమైన నూనె" వంటి గుణము తెలుపు మాటలు, ఉత్త ఊరి పేర్లు సాధారణముగ రిజిస్టరు కావు. అవి అందరి సొత్తు. బంగినపల్లి మామిడి, తాండూరు కంది వంటివాటికి భౌగోళిక గుర్తింపు చట్టము వేరుగా కలదు.

రిజిస్టరు చేయు విధము

1. అటువంటి పేరు ఇదివరకే ఉన్నదేమో రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెదకి చూడుడు.

2. సరుకులు, సేవలు 45 తరగతులుగ విభజింపబడినవి. వంటనూనె 29వ తరగతి, పసుపు పొడి 30వ తరగతి, విత్తనములు, తాజా కూరగాయలు 31వ తరగతి.

3. టి.ఎం.-ఎ ఫారము పూర్తిచేసి పంపుడు. తెలంగాణకు చెన్నై కార్యాలయము వర్తించును. ఆన్‌లైనులో తరగతి ఒకటికి ఫీజు వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు రూ. 4,500, ఇతరులకు రూ. 9,000.

4. పరిశీలన పిమ్మట పేరును ట్రేడ్‌మార్కుల జర్నలులో ప్రకటింతురు. 4 నెలలలో ఎవరును ఆక్షేపింపనిచో రిజిస్టరగును. దరఖాస్తు తేదీనుండి 10 ఏండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును.

రైతు సంఘ సభ్యులందరు ఒకే గుర్తు వాడదలచినచో సామూహిక చిహ్నముగ రిజిస్టరు చేయించవచ్చును.

యజమాని హక్కులు

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము రిజిస్టరైన పేరును ఆ సరుకుపై వాడు హక్కు యజమానిదే. భ్రమ గొలుపునట్లు పోలిన పేరు పెట్టినను తప్పే. యజమాని తాను నివసించు జిల్లా కోర్టులోనే దావా వేసి, వాడుక నాపించి, నష్టపరిహారము కోరవచ్చును. దొంగ గుర్తుతో సరుకు అమ్మువారికి 6 నెలలనుండి 3 ఏండ్ల వరకు జైలు, రూ. 50,000 నుండి 2 లక్షల వరకు జరిమానా కలవు. అయితే మీకంటె ముందునుండి అదే పేరు వాడుచున్నవానిని మీరు ఆపజాలరు. 5 ఏండ్లకు పైబడి వాడని పేరును ఇతరులు కొట్టివేయించవచ్చును.

రిజిస్టరు కానిచో?

అప్పుడును న్యాయము కలదు గాని, ఆ పేరు ప్రజలలో మీదిగా నాటుకొన్నదని మీరే రుజువు చేయవలెను. "ఈనాడు" అనునది నిత్యము వాడు మాటయే. 1974 నుండి ఆ పేరిట దినపత్రిక వెలువడుచున్నది. బెంగుళూరు సంస్థ యొకటి అదే పేరిట అగరువత్తులు అమ్మగా వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయెను. పత్రిక వేరు, అగరువత్తి వేరు అయినను, ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరిట అమ్మినచో కొనువారు భ్రమపడుదురని కోర్టు 2011లో తీర్పు చెప్పెను. అంతటి పేరు గడించిన పత్రికకే సుప్రీంకోర్టు దాక పోరాడవలసి వచ్చినది. చిన్న రైతు అంత దూరము పోగలడా?

కావున మొదటి బిల్లు, మొదటి పొట్లము తేదీతో సహా భద్రపరచుడు. పేరు బజారున పడకముందే దరఖాస్తు పంపుడు.