నిమ్మ నారు: పెంపకము, ఏరివేత

తెనాలి ప్రాంతములోను, కృష్ణా కాలువల కింద మెరక భూములలోను నిమ్మ వేయు రైతులు ఎక్కువగా గింజ మొక్కలనే నాటుదురు. ఇట్టి మొక్క సరిగా కాపు పట్టుటకు నాలుగైదు సంవత్సరములు పట్టును. నారుమడిలో జరిగిన పొరపాటు ఐదవ యేట గాని బయటపడదు. అప్పటికి ఎరువు, నీరు, కూలి అన్నియు ఖర్చయి యుండును. కనుక పదింటిలో మూడు మొక్కలను మడిలోనే పీకి పారవేయవలసి వచ్చినను రైతు వెనుదీయరాదు.

పదేండ్లు దాటి, ఏటేటా బాగా కాయుచు, గజ్జి తెగులు సోకని చెట్టును ఎన్నుకొని, కొమ్మ మీదనే పండిన కాయలను కోయవలెను. నేల రాలిన కాయలు తీసికొనరాదు. మట్టిలోని శిలీంధ్రములు వాటితో మడికి చేరును. కత్తి గింజకు తగులకుండ తొక్క చుట్టును గాటు పెట్టి, చెక్కలను మెలిపెట్టి విడదీసి గింజలను పిండవలెను. బూడిదతో రుద్ది జిగురు కడిగి, నీడలో ఒక దినము ఆరబెట్టి వెంటనే విత్తవలెను. మిరప గింజల వలె దాచినచో నిమ్మ గింజ ఎండి మొలకెత్తదు. తిరుపతి పరిశోధన స్థానము వారి బాలాజీ రకము గజ్జి తెగులును చాలవరకు తట్టుకొనును.

డెల్టా నల్లరేగడిలో నీరు నిలుచును. మడిని అరడుగు నుండి ముప్పాతిక అడుగు ఎత్తు చేసి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. గింజను అర అంగుళము లోతున పెట్టి, సన్నని జల్లుగా నీరు పోయవలెను. నారుకుళ్ళు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడుపవలెను. వేసవిలో కాలువలు కట్టినప్పుడు బోరునీటిని రుచి చూచి వాడుడు. నిమ్మ నారు ఉప్పునీటిని ఓర్వదు.

ఇక ఏరివేత. ఒక్క నిమ్మ గింజ నుండి తరచు రెండు మూడు మొలకలు వచ్చును. వీటిలో అధిక భాగము తల్లి కణజాలము నుండి పుట్టినవే. అవి తల్లి చెట్టును పోలి, ఒకే తీరున పెరుగును. పుప్పొడి కలయికతో పుట్టినది సాధారణముగా గిడసబారి యుండును, లేదా ఆకు తీరులో వేరుగా నుండును. పొట్టివానిని జాలితో ఉంచుకొనుట మనలో చాలమందికి అలవాటు. ఎరువు వేసినను అది తల్లి గుణమును పొందజాలదు.

నాలుగు నుండి ఆరు అంగుళములు పెరిగిన మొక్కలను సంచులలోనికి మార్చునపుడు ప్రతి దాని తల్లివేరును చూడవలెను. కొడవలి వలె వంగిన వేరు గల మొక్కను నాటరాదు; పైకి ఎంత పచ్చగా నున్నను గాలివానకు అది ఒరిగిపోవును.

తరువాత లేత ఆకును ఎండకు ఎత్తి పట్టి చూడుడు. ఈనెలు అక్కడక్కడ గాజు వలె తేటబారి యున్నచో అది ట్రిస్టిజా వైరసు గుర్తు. ఇది గింజ ద్వారా రాదు, పేనుబంక ద్వారా వచ్చును. కావున ముసలి నిమ్మతోట పక్కన మడి పోయరాదు. ఆకుపై పసుపు అంచుతో గరుకైన గోధుమరంగు మచ్చలున్నచో గజ్జి తెగులు. ఆకుముడత పురుగు చేసిన వెండి చారల గాయముల గుండ ఈ తెగులు త్వరగా లోనికి పోవును.

మొక్కలు కొనువారు ఒకటి రెండు సంచులను విప్పించి చూడవలెను. వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకొని యున్నచో ఆ వరుసను విడిచి వేరొక వరుస నుండి తీసికొనుడు.