బండి ఎందుకు వణికింది?

సుగుణకు పాత పెట్రోలు వ్యాను ఉంది. లైసెన్సు కూడా ఉంది. ఊళ్లో ఆడవాళ్లు పండించిన కూరగాయలను తెల్లవారుజామున పట్నం మార్కెట్టుకు తీసుకుపోతుంది. ఆ కిరాయి డబ్బుతోనే వ్యాను కిస్తీ కడుతుంది.

ఒకరోజు రైల్వే గేటు దగ్గర బండి ఆపింది. ఇంజను గడగడ వణికింది. సీటు ఊగింది. వెనక వంకాయల గంపలు కదిలాయి. చూస్తుండగానే ఇంజను ఆగిపోయింది.

గేటు తీశారు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. సుగుణకు చెమటలు పట్టాయి. "పట్టాల మీద ఆగిపోయి ఉంటే నా గతేంటి?" అనుకుంది.

దగ్గర్లోని షాపుకు వెళ్లింది. షాపతను సీటెత్తి ఇంజనును చూడనైనా లేదు. "ఇంజను దించాలక్కా. 20,000 అవుతుంది" అన్నాడు.

సుగుణ దిగులుగా ఇంటికి వచ్చింది. అత్త ఎల్లమ్మతో చెప్పింది.

"పొయ్యి సరిగా మండకపోతే పొయ్యినే పగలగొడతామా? ముందు ఊదుతాం. తర్వాత కట్టెలు చూస్తాం. నీ బండినీ అట్లాగే చూపించు" అంది ఎల్లమ్మ.

"నిజమే అత్తా" అంది సుగుణ.

ఇంజనుకు ఏం కావాలి?

పెట్రోలు ఇంజనుకు ముఖ్యంగా మూడు కావాలి. అవి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. గాలి, పెట్రోలు కలిసి సిలిండరులోకి వెళతాయి. పిస్టన్ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. మిశ్రమం మండి పిస్టన్‌ను తోస్తుంది. ఇంజను తిరుగుతుంది.

బండి నిలబడి ఉన్నా ఇంజను మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. దీన్నే ఐడ్లింగ్ అంటారు. చాలా కార్లలో ఇంజను అప్పుడు నిమిషానికి 700 నుంచి 1000 సార్లు తిరుగుతుంది. 900 సార్లు తిరిగితే ఒక్కో సిలిండరులో 450 సార్లు మంట పుడుతుంది. కొన్ని మంటలు తప్పితే ఇంజను కుంటుతుంది. అప్పుడే బండి వణుకుతుంది. మెకానిక్కులు దీన్ని "మిస్సింగ్" అంటారు.

సుగుణ రాసుకుంది

సుగుణ మూడు రోజులు బండిని గమనించింది. నోటుబుక్కులో ఇలా రాసుకుంది:

"పొద్దున స్టార్ట్ చేయగానే వణికింది. రోడ్డు మీద బాగా నడిచింది. ఆపితే మళ్లీ వణికింది. ఇంజను దగ్గర బుస్సుమని చప్పుడు."

ఆ కాగితం పట్టుకుని మస్తాన్ భాయ్ దగ్గరకు వెళ్లింది. ఆయన పాత మెకానిక్కు. కాగితం చదివాడు. "సగం పని నువ్వే చేసుకొచ్చావమ్మా" అన్నాడు.

"ఏం చూస్తున్నారో నాకూ చెప్పండి భాయ్" అంది సుగుణ.

ముందు ఆయన ఎయిర్ ఫిల్టర్ తీశాడు. అందులో దుమ్ము పెద్దగా లేదు. తర్వాత మూడు ప్లగ్గులు విప్పాడు.

"ప్లగ్గు రంగు చూడు. లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైందన్నమాట. నూనెతో తడిసి ఉంటే ఆయిలు లోపలికి వస్తోందన్నమాట. నీ ప్లగ్గులు తెల్లబారాయి. పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువవుతోంది. ఆ గాలి ఎక్కడి నుంచి దూరుతోందో వెతకాలి" అన్నాడు.

ప్లగ్గులు బిగించి ఇంజను స్టార్ట్ చేశాడు. చప్పుడు ఎక్కడ వస్తోందో విన్నాడు. ఒక సన్నటి రబ్బరు గొట్టాన్ని వేళ్లతో గట్టిగా నొక్కాడు. వణుకు తగ్గింది. వదిలాడు. మళ్లీ వణికింది. గొట్టం చివర, క్లిప్పు కింద పగిలి ఉంది.

కొత్త గొట్టం వేశాడు. కూలితో కలిపి 350 రూపాయలు అయింది. సుగుణ బిల్లు చదివి డబ్బు ఇచ్చింది.

"మరి రోడ్డు మీద ఎందుకు వణకలేదు భాయ్?"

"గిన్నెడు పులుసులో గరిటెడు నీళ్లు పోస్తే రుచి మారిపోతుంది. గుండిగెడు పులుసులో పోస్తే తెలియదు. బండి ఆగినప్పుడు ఇంజను కొంచెం గాలే పీలుస్తుంది. అందుకే చిన్న పగులూ తెలుస్తుంది. వేగంగా పోయేటప్పుడు చాలా గాలి పీలుస్తుంది. అప్పుడది లెక్కలోకి రాదు."

అన్నిసార్లూ తప్పు గొట్టానిదే కాదు. ఫిల్టర్, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, గొట్టాలు, పెట్రోలు వచ్చే దారి ముందు చూడాలి. అన్నీ బాగున్నా వణికితే కంప్రెషన్ కొలిపించాలి. అది బాగా తగ్గితే ఇంజను విప్పడం న్యాయమే. చూడకుండా విప్పడమే తప్పు. ఇప్పటి కార్లలో ఇంజను దీపం వెలుగుతుంది. మెకానిక్కు మిషను పెట్టి లోపం ఏ వైపు ఉందో చూస్తాడు. ఆ దీపం ఆరుతూ వెలుగుతుంటే బండిని పక్కకు ఆపాలి.

జాగ్రత్తలు

- మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణం తీస్తుంది.
- తిరిగే బెల్టు దగ్గరకు కొంగు, జడ, గాజులు రానివ్వకండి.
- గేరు న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండ్ బ్రేకు వేయండి.
- నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు వైర్లు ముట్టుకోకండి. షాకు కొడుతుంది.

ఆలోచించండి, చెప్పండి

1. ఇంజనుకు కావలసిన మూడు ఏవి?
2. ప్లగ్గు నల్లగా ఉంటే ఏం అర్థం చేసుకోవాలి?
3. సుగుణ రాసుకున్న కాగితం ఆమెకు ఎలా పనికొచ్చింది?
4. మీ ఇంట్లో ఏ వస్తువైనా పాడైందా? ఎప్పుడు, ఎలా పాడవుతోందో నాలుగు మాటల్లో రాయండి.