‘ఎవరూ రాలేదు’ – ఇంగ్లీషులో ఎట్లు వ్రాయవలెను?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు తరగతి గదులలో తెలుగు ఇంటిభాషగా గల విద్యార్థియు, ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుందురు. ఇంగ్లీషు వ్రాయునపుడు ఇరువురికిని తప్పులు దొరలును. ఆ తప్పులలో పెక్కింటికి మూలము ఇంటిభాషయే.

ముందుగా అనిశ్చిత సర్వనామములను చూతము. తెలుగున ‘ఎవరో’, ‘ఎవరైనా’, ‘ఎవరూ’ అని మూడు రూపములు కలవు. ఉర్దూలో ఈ మూడింటి పనిని ‘కోయీ’ ఒక్కటే చేయగలదు. అయినను ఇరువురును ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అనియే వ్రాయుదురు. ‘ఎవరూ రాలేదు’, ‘కోయీ నహీఁ ఆయా’ అను వాక్యములు రెంటిలోను కర్త ముందు వచ్చి, ‘లేదు’ అను మాట వెనుక వచ్చుటయే ఇందుకు కారణము. ఇంగ్లీషున ‘ఎనీ’ కంటె ముందే ‘నాట్’ రావలెను. ‘ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ’ సరియైనది. కర్తస్థానమున మాత్రము ‘నోబడీ కేమ్’ అనవలెను. భయపడి ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అన్నచో అందరును వచ్చినట్లే!

‘అందరూ వచ్చారు’ అను అలవాటుచే మన తెలుగువారు ‘ఎవ్రీబడీ హావ్ కమ్’ అందురు. ఇచట ‘హాజ్’ ఉండవలెను. ‘హర్ కోయీ జాన్‌తా హై’ అని ఏకవచనము వాడు ఉర్దూ విద్యార్థికి ఈ చిక్కు తక్కువ. తెలుగువారు ‘ప్రతివాడు’ అని తలచుకొన్నచో చాలును. వెనుకటి వ్యాకరణములు ‘ఎవ్రీబడీ’ తరువాత ‘హిజ్’ అనుమనెడివి; నేడు ‘దెయిర్’ కూడ చెల్లుచున్నది.

మార్కులకు మించిన నష్టము కలిగించు తప్పు మరియొకటి కలదు. సిరిసిల్ల మరమగ్గముల కార్మికుల తరఫున ఒక విద్యార్థి అర్జీ వ్రాయుచున్నాడనుకొందము. ‘కార్మికులందరికీ కూలి ముట్టలేదు’ అనుటకు ‘ఆల్ ద వర్కర్స్ వర్ నాట్ పెయిడ్’ అని వ్రాసెను. కొందరికి ముట్టినదా, ఒక్కరికిని ముట్టలేదా? చదువు అధికారి ఎట్లైనను గ్రహింపవచ్చును. కొందరికి ముట్టినచో ‘నాట్ ఆల్ ద వర్కర్స్ వర్ పెయిడ్’ అనియు, ఎవరికిని ముట్టనిచో ‘నన్ ఆఫ్ ద వర్కర్స్ వర్ పెయిడ్’ అనియు వ్రాయవలెను. గల్ఫునకు పోయినవారి కొరకు ఉత్తరములు వ్రాసిపెట్టు మన పిల్లలు దీనిని మరువరాదు.

ఇక వాక్యములను కలుపు మాటలు. ఉర్దూలో ‘అగర్‌చె’తో మొదలైన వాక్యము నడుమ ‘లేకిన్’ గాని ‘మగర్’ గాని వచ్చుట సహజము. కనుకనే ‘ఆల్దో ఇట్ రెయిన్‌డ్, బట్ ద బస్ కేమ్’ అను వాక్యము పుట్టినది. ‘వాన కురిసినప్పటికీ బస్సు వచ్చింది’ అను తెలుగు వాక్యమున రెండవ మాట అక్కరలేదు. ఐనను పక్కవాని పత్రము చూచియో ఏమో, తెలుగు విద్యార్థియు ‘బట్’ చేర్చుచున్నాడు! ‘ఆల్దో’, ‘బట్’లలో ఒకటి చాలును. ‘చూఁకి – ఇస్‌లియె’ జంట వలన వచ్చు ‘బికాజ్ – దేర్‌ఫోర్’ సంగతియు ఇంతియే.

‘హౌఎవర్’ అట్టిది కాదు. అది క్రియావిశేషణము, కామాతో రెండు వాక్యములను అతికింపజాలదు. మన ‘అయినను’ వలె, దానికి ముందు చుక్క పెట్టి కొత్త వాక్యము నారంభింపవలెను. లేదా అర్ధవిరామము ఉంచవలెను.

‘నేను కూడా రాలేదు’ అనుటకు ‘ఐ ఆల్సో డిడ్ నాట్ కమ్’ అనరాదు. వ్యతిరేక వాక్యమున ‘ఆల్సో’కు బదులు చివర ‘ఐదర్’ వచ్చును.

సాధన: ‘కోరుట్లలో ఎవరూ దిగలేదు. నేను కూడా దిగలేదు. అయినను బస్సు చాలసేపు ఆగింది.’ వీనిని ఇంగ్లీషులో వ్రాయుడు.